నీలవంత్‌ను తెలుగులో ఏమనాలి?

సంపాదకులకు నమస్కారం.

మహారాష్ట్రలోని సిరోంచలో మా పెరట్లో దబ్బచెట్టుంది. వానలు మొదలైతే పొద్దునపూట దాని చుట్టూ అరచెయ్యంత సీతాకోకచిలుక తిరుగుతుంటుంది. మఖమల్‌ లాంటి నల్లరెక్కలు, వెనకరెక్కల నిండా లేతనీలం, ఆ నీలం మీద కాటుకచుక్కలు. నాలుగో తరగతి చదివే మా మనవరాలు మొన్న దాన్ని చూసి, "తాతా, ఇది మన రాష్ట్ర ఫుల్‌పాఖరూ, నీలవంత్. తెలుగుల ఏమంటరు?" అనడిగింది. ఫుల్‌పాఖరూ అనే మరాఠీ మాటకు మనకున్న మాటే చెప్పాను, సీతాకోకచిలుక అని. "మరి పచ్చదాన్ని?" అదీ సీతాకోకచిలుకే. నా తెలుగు అక్కడితో ఆగిపోయింది.

మహారాష్ట్ర 2015లో దీన్ని రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించింది. దేశంలో ఈ పని చేసిన మొదటి రాష్ట్రం మనదే. ఇంగ్లిషులో దీన్ని బ్లూ మార్మన్ అంటారు. మార్మన్లు అమెరికాలో ఒక క్రైస్తవ శాఖ, ఒకప్పుడు బహుభార్యత్వానికి పేరుపడ్డవాళ్లు. దీని దగ్గరి చుట్టంలో ఆడవి మూడు రూపాల్లో ఉంటాయి, ఒకే మగదానికి ముగ్గురు భార్యలున్నట్టని ఆ పేరు తగిలించారట. సిరోంచ పిల్లకు ఈ కథ ఎలా చెప్పేది? మరాఠీవాళ్లు హాయిగా నీలవంత్ అనుకున్నారు. రాష్ట్ర జంతువు శేకరును మనం బెట్టుడుత అంటాం, రాష్ట్ర పక్షి హరియల్‌ను పచ్చపావురం అంటాం. దీనికే పేరు లేదు.

లేకపోతే ఏం పోయిందంటారా? నిమ్మ, దబ్బ ఆకుల మీద గొంగళిపురుగు కనబడగానే మందు కొడతాం. ఈ జాతివి ఆ ఆకులు తినే పెరుగుతాయి. చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటాయి. కాస్త పెరిగాక కదిలిస్తే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటువాసన వదులుతాయి. పోయినేడు నేనూ వేపనూనె కొట్టాను. చెట్టు చుట్టూ తిరిగేదాని పిల్లలే అవి అయ్యుంటాయని తట్టలేదు.

అందుకే రెండు మనవులు. మా తాలూకాలో అటవీశాఖ పెట్టే బోర్డుల మీద మరాఠీ కింద తెలుగులో ఒక్క వరుస రాయించాలి. ఆ వరుసలో రాయడానికి పేరు కావాలి గనక, మీ పిల్లల పేజీలో పేర్లు పంపమని అడగండి. మా మనవరాలు అప్పుడే "నీలికోక" అని పెట్టేసింది. సీతమ్మ కోక ఉండనే ఉంది కదా, రంగు చేరిస్తే చాలంటుంది. కరివేపాకు మీద వాలే నలుపు పసుపు చుక్కలదానికి "నిమ్మకోక" అట. ఇంతకంటే మంచివి మీ పాఠకులకు తోస్తే నాకేం అభ్యంతరం లేదు. మా మనవరాలికుంటే ఉండొచ్చు.

— ఒక పాఠకుడు, సిరోంచ, గడ్చిరోలి జిల్లా