బైబిలు భోజనాన్ని మందుల అంగడికి ఎక్కించవద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో బైబిలులోని ఆహార పదార్థాల ఆత్మీయ అర్థం, ఆరోగ్య ప్రయోజనాల గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయంలో వాగ్దాన దేశపు పంటలుగా చెప్పిన గోధుమలు, యవలు (బార్లీ), ద్రాక్ష, అంజూరం, దానిమ్మ, ఒలీవ నూనె, తేనె అనే ఏడింటినీ తీసుకొని, ఒక్కోదానికి ఒక ఆత్మీయ సత్యాన్నీ ఒక రోగాన్నీ జతచేసి, ఇది తింటే అది పోతుందన్నట్టుగా ఆ వ్యాసం సాగింది. సదుద్దేశంతో రాసినదే కావచ్చు. అయితే గుంటూరులోనూ విజయవాడలోనూ ఇవే మాటలు కరపత్రాలై, వాట్సాప్ సందేశాలై, చివరికి సువార్త సభల బయట బల్లల మీద అమ్మే పొట్లాలై తిరుగుతున్నాయి. ఒక విశ్వాసిగానూ, చాలా ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన ఉపాధ్యాయుడిగానూ ఈ ధోరణిపై నా అభ్యంతరాన్ని మీ పాఠకుల ముందు ఉంచదలచాను.

ఆ ఏడు పంటల జాబితా ఎక్కడ వచ్చిందో చూస్తే దాని అర్థం అక్కడే దొరుకుతుంది. నలభై ఏళ్లు అరణ్యంలో తిరిగి, మన్నా తప్ప మరో తిండి ఎరుగని తరానికి, కొండలూ లోయలూ ఉన్న ఒక దేశంలో అడుగుపెట్టబోయే ముందు మోషే చెప్పిన మాటలవి. జాబితా ముగిసిన వెంటనే ఆయన చెప్పిన హెచ్చరిక ఇది: మీరు తిని తృప్తి పొందిన తరువాత, మంచి ఇళ్లు కట్టుకొని పశువులూ బంగారమూ పెరిగిన తరువాత, ఇదంతా ఇచ్చినవానిని మరచిపోవద్దు. మనుష్యుడు రొట్టె వలన మాత్రమే బ్రతకడన్న వాక్యం కూడా అదే అధ్యాయంలో, మూడో వచనంలో ఉంది. అరణ్యంలో శోధకుడైన సాతానుకు యేసు ఇచ్చిన జవాబు అక్కడి నుంచి తీసుకున్నదే. అటువంటి అధ్యాయాన్ని తెచ్చి కొలెస్ట్రాల్, కీళ్లనొప్పుల పట్టికగా మార్చడం నాకు ఏమాత్రం రుచించలేదు.

ఇంతకంటె విచిత్రం యెహెజ్కేలు రొట్టె సంగతి. యెహెజ్కేలు 4వ అధ్యాయం 9వ వచనంలో గోధుమలు, యవలు, కాయధాన్యాలు, చోళ్లు, సజ్జలు మొదలైనవి ఒకే పాత్రలో కలిపి రొట్టె చేసుకొమ్మని ఉంది. దీనిని దేవుడు స్వయంగా ఇచ్చిన ఆరోగ్య సూత్రంగా ప్రచారం చేసి, విదేశాల్లో ఆ వచనం పేరుతోనే రొట్టెలు అమ్ముతున్నారు. ఇప్పుడు మన ఊళ్లలోనూ ఆ పేరుతో పిండి పొట్లాలు కనిపిస్తున్నాయి. ఆ అధ్యాయాన్ని చివరి వరకు చదివితే విషయం తేటతెల్లమవుతుంది. యెరూషలేము ముట్టడిలో చిక్కి, ఏ ఒక్క గింజా చాలినంత దొరకక, ఉన్నవన్నీ ఊడ్చి కలుపుకొని తినవలసిన దుర్దినాలు రాబోతున్నాయని చూపడానికి ప్రవక్త తినవలసి వచ్చిన కరువు రొట్టె అది. రోజుకు ఇరవై తులాల ఎత్తు, అంటే నేటి లెక్కన సుమారు 230 గ్రాములు మాత్రమే తినాలి. నీళ్లు కూడా కొలత ప్రకారమే తాగాలి. జనులు చింతతో, తూనిక ప్రకారం రొట్టె తింటారని అదే అధ్యాయం చివర వివరణ కూడా ఉంది. ధాన్యాలూ పప్పులూ కలిపి తింటే మాంసకృత్తులు ఒకదాని కొరతను మరొకటి తీర్చుకుంటాయన్నది నిజమే. ఇడ్లీలో, పెసరట్టు ఉప్మాలో, పప్పన్నంలో మనవాళ్లు ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. శిక్షకు గుర్తుగా ఇచ్చిన రొట్టెను సౌఖ్యానికి గుర్తుగా అమ్మడం మాత్రం వాక్యానికి న్యాయం చేయదు.

దానియేలు ఉపవాసం పేరిట, అంటే కొన్ని రోజులు శాకాహారం, నీళ్లతోనే గడిపే పద్ధతిగా, నడుస్తున్నదీ ఇంచుమించు ఇలాంటిదే. మొదటి అధ్యాయంలో దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు శాకధాన్యాదులు తిని, నీళ్లు తాగి, పది దినాల పరీక్షకు నిలిచారు. పరాయి రాజు భోజనంతో తమను అపవిత్రపరచుకోకూడదన్నది వారి తీర్మానం. ముఖాలు కళగా ఉండటం దేవుని దయవల్ల కలిగిన ఫలితమే తప్ప వారు కోరి చేసిన పథ్యం కాదు. పదో అధ్యాయంలో అదే దానియేలు మూడు వారాలు మాంసమూ ద్రాక్షారసమూ ముట్టలేదని ప్రత్యేకంగా రాశారంటే, మిగతా రోజుల్లో అవి అతని భోజనంలో ఉండేవనే గదా అర్థం! కూరగాయలు ఎక్కువగా తినమని చెప్పడానికి దానియేలు సాక్ష్యం అవసరం లేదు. మన వైద్యులు రోజూ చెబుతున్నదే అది.

ఇక ఆరోగ్యం సంగతి. ఈ పదార్థాల్లో మేలు లేదని నేను అనడం లేదు. ఉన్న మేలును ఉన్నంతమేరకే చెప్పాలంటున్నాను. యవలు, అంటే బజారులో బార్లీ పేరుతో దొరికే గింజలు, బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు కలిగినవి. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందితే చెడు కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుందన్నదానికి మంచి ఆధారాలున్నాయి. ఒలీవ నూనెపై స్పెయిన్‌లో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న దాదాపు 7,400 మందితో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 2013లో ప్రచురించిన ఆ ఫలితాలను, పద్ధతిలో లోపాలు బయటపడడంతో వెనక్కి తీసుకొని, మళ్లీ లెక్కగట్టి 2018లో ప్రచురించారు. ఒలీవ నూనె లేదా గింజపప్పులతో కూడిన మధ్యధరా ప్రాంతపు భోజనం తిన్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి సుమారు 30 శాతం తక్కువగా ఉన్నాయని అప్పుడూ తేలింది. గమనించవలసిన విషయమేమంటే, అక్కడి వారు ఆ నూనెను కూరగాయలు, చేపలు, పప్పుధాన్యాలతో కలిపి, వెన్నకు బదులుగా వాడారు. మన ఇళ్లలో గారెలూ బజ్జీలూ మామూలుగానే వేయించుకొని, పైన ఒక చెంచా ఒలీవ నూనె తాగితే ఆ ఫలితం రాదు; ఏ నూనె అయినా గ్రాముకు 9 కిలోకేలరీలే. పైగా మన వేరుశనగ నూనెలోనూ సగానికి దగ్గరగా అదే జాతి కొవ్వు ఉంటుంది. దిగుమతి సీసా కొనే స్తోమత లేనివారు దేవుని వరాన్ని పోగొట్టుకున్నామని చింతపడవలసిన పని లేదు.

తేనె విషయంలో బైబిలే మనకంటె జాగ్రత్తగా మాట్లాడింది. తేనె దొరికితే తగినంత మట్టుకే తీసుకోవాలని, ఎక్కువైతే కక్కివేస్తావని సామెతల గ్రంథం 25వ అధ్యాయం హెచ్చరిస్తుంది. తేనెలో సుమారు 80 శాతం చక్కెరలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీనిని పరిమితం చేయవలసిన చక్కెరల లెక్కలోనే వేసింది. దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పిన ఈ కాలంలో, తేనె షుగరు వ్యాధికి మందని రాయడం ప్రమాదకరం. ఏడాది నిండని పసిపిల్లలకైతే తేనె నాకించనే కూడదు; బాటులిజం అనే ప్రాణాంతక విషప్రభావం కలిగే అవకాశం ఉంది. ఎండిన అంజూరమూ అంతే: పీచు, కాల్షియం ఉన్న మాట నిజం, అయితే దాని బరువులో దాదాపు సగం చక్కెరే.

దానిమ్మ తింటే రక్తం పడుతుందన్నది క్రైస్తవులకే పరిమితమైన నమ్మకం కాదు, ఆంధ్ర దేశమంతటా ఉన్నదే. ప్రధాన యాజకుని నిలువుటంగీ అంచున బంగారు గంటల మధ్య దానిమ్మపండ్ల ఆకృతులు కుట్టించారని నిర్గమకాండంలో చదివినప్పుడు ఆ పండుపై నాకూ ప్రీతి కలుగుతుంది. కాని 100 గ్రాముల దానిమ్మ గింజల్లో ఇనుము ఒక మిల్లీగ్రాములో మూడో వంతు కూడా ఉండదు. అదే బరువు సజ్జల్లో 6 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతుండగా, యెహెజ్కేలు జాబితాలోనూ పల్నాటి పొలాల్లోనూ ఉన్న సజ్జలను వదిలి, దానిమ్మ రసం డబ్బాలను బైబిలు పేరుతో పొగడటం ఏం సబబు?

వాక్యంలో పేరు లేని తిండి తక్కువది అన్న భావన కూడా ఈ ప్రచారంలో లోలోపల పనిచేస్తున్నది. బైబిలులో వరి అన్నం లేదు. మిరపకాయ లేదు, అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ద్వారా వచ్చి మన గుంటూరును లోకప్రసిద్ధం చేసింది. గోంగూర లేదు, మామిడి లేదు. అయినా డెల్టా గ్రామాల సంఘాల్లో కోత పండుగనాడు రైతులు వరిపనలు, గుమ్మడికాయలు, కోళ్లు, అరటిగెలలు తెచ్చి బలిపీఠం ముందు ఉంచుతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. లేవీయకాండంలో మొదటి పంట పనను యాజకుని దగ్గరకు తెమ్మన్న ఆజ్ఞను మన పెద్దలు సరిగ్గా గ్రహించారు కాబట్టే, యవల కోసం ఎక్కడికో పోకుండా తమ చేలో పండినదే తెచ్చారు. ఆహారపు ఆత్మీయ అర్థం ఎరిగినవారు వారు.

ఆ అర్థం గురించి రాసేటప్పుడు మీ వ్యాసకర్త విడిచిపెట్టినది నా దృష్టిలో అన్నిటికంటె పెద్దది. బైబిలు ఏం తినాలన్నదానికంటె ఎవరితో తినాలన్నదాని గురించి ఎక్కువగా మాట్లాడుతుంది. పొలం అంచులు పూర్తిగా కోయవద్దని, రాలిన పరిగె బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. పరాయి దేశపు విధవరాలైన రూతు బోయజు చేలో పరిగె ఏరుకున్నది ఆ హక్కుతోనే. భోజన సమయానికి బోయజు ఆమెను పనివారి పక్కన కూర్చోబెట్టి పేలాలు అందించాడు. ఆమె తృప్తిగా తిని, అత్తకు మిగిల్చి తీసుకువెళ్లింది. ఐదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలు అయిదు వేల మందికి పెట్టిన సందర్భంలోనూ యవలు పేదవాని తిండి అన్నదే ముఖ్యం; వాటి పీచుపదార్థం కాదు. కొరింథు సంఘంలో ప్రభు భోజనానికి వచ్చినవారిలో ఒకడు ఆకలితో ఉండగా మరొకడు మత్తుడవుతున్నాడని పౌలు ఎంత కఠినంగా మందలించాడో చదవండి. మన ప్రేమ విందుల్లో పెద్దలకు వేరే పంక్తి, చెప్పులు చూసుకునే మనిషికి చివర మిగిలిన అన్నం అన్న ఏర్పాటు ఎక్కడైనా ఉంటే, అక్కడ అంజూరపు పండ్ల ప్రసంగం ఎంత బాగున్నా ప్రయోజనం లేదు. భోజనాన్ని బట్టి దేవుని ఎదుట మనకు మెప్పు కలగదని కొరింథీయులకు రాసినవాడూ ఆ పౌలే.

వైద్యాన్ని విశ్వాసానికి పోటీగా నిలిపేవారు కూడా వాక్యాన్ని సగమే చదువుతున్నారు. హిజ్కియా రాజు పుండుపై అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా ప్రవక్త చెప్పాడు. అది ఆనాటి వైద్యం. యేసు చెప్పిన ఉపమానంలోని సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి ఊరుకోలేదు, గాయపడినవాడిని పూటకూళ్ల ఇంటికి చేర్చి ఖర్చు భరించాడు. సువార్త రాసిన లూకా వైద్యుడు. కతోలికుల బైబిలులోని సీరా గ్రంథం 38వ అధ్యాయం వైద్యుని గౌరవించమని నేరుగా ఆదేశిస్తుంది. మన గుంటూరులోనే, 1883లో స్త్రీల మధ్య పనిచేయడానికి మిషనరీగా వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ వైద్యం మొదలుపెట్టి, 1898లో ఆసుపత్రి తెరిచారు. ప్రార్థనా చేశారు, మందూ ఇచ్చారు. ఆ వారసత్వం ఉన్న ఊళ్లో ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలపు ఉపవాస ప్రార్థనల పేరిట షుగరు మాత్రలు, ఇన్సులిన్ మానేసి, తేనె నీళ్లతో గడపవచ్చని నమ్మేవారు ఉండటం బాధాకరం. ఇన్సులిన్ మీద ఆధారపడినవారు దానిని ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. కొన్ని రకాల మాత్రలు వేసుకొని భోజనం మానితే చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఉపవాసం ఉండదలచిన రోగులు ముందుగా వైద్యునితో మాట్లాడి మందు మోతాదు మార్పించుకోవాలి. ఒక పూట భోజనపు ఖరీదును దానమివ్వడం, మాంసం మానడం వంటి మార్గాలు వారికి ఎప్పుడూ ఉన్నాయి.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. మధుమేహం, క్యాన్సర్ వంటి వ్యాధులను నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి మందులు, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధిస్తున్నది. ఆహార పదార్థాలపై తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. పొట్లం మీద వాక్యం అచ్చువేసినంత మాత్రాన ఈ చట్టాలు వర్తించకుండా పోవు. సంఘ పెద్దలు తమ ఆవరణలో ఇటువంటి అమ్మకాలకు చోటివ్వకూడదని, పాస్టర్లు ఉపవాస దినాలు ప్రకటించేటప్పుడు మందులు మానవద్దన్న మాటను కూడా అదే వేదిక మీద నుంచి చెప్పాలని కోరుతున్నాను. మీ పత్రిక ఇకమీదట ఈ అంశంపై వ్యాసాలు ప్రచురించేటప్పుడు, వాక్య భాగాన్ని వేదాంతం తెలిసినవారికి, ఆరోగ్య భాగాన్ని ఒక వైద్యునికి లేదా పోషకాహార నిపుణునికి చూపించి వేయాలని మనవి. ముఖ్యంగా పసిపిల్లలకు తేనె, మధుమేహులకు ఉపవాసం అన్న ఈ రెండు విషయాలపై వచ్చే ఆదివారమే ఒక చిన్న సవరణ ఇస్తే కృతజ్ఞుడిని.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు.