చిన్నాన్నా, ఆ బంకు స్థలం గురించి

చిన్నాన్నకి,

ఇక్కడంతా బాగున్నాం. పిన్ని మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది. రణస్థలం దాటాక హైవే పక్కన మూతపడిన పెట్రోల్ బంకు స్థలం బేరానికి వచ్చిందనీ, తమ్ముడి చేత అక్కడ టిఫిన్ హోటల్ పెట్టిద్దామనుకుంటున్నావనీ కూడా చెప్పింది. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి రాస్తున్నాను.

ఈ ఏడాది మా ఆఫీసులో నా పనంతా ఇలాంటి స్థలం మీదే. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో మేముండే ఊళ్లో, మెయిన్ రోడ్డు మూల మీద ఒక పాత బంకు స్థలం ఖాళీగా పడి ఉండేది. అక్కడ డ్రైవ్ త్రూ కాఫీ షాపు కడతామని ఒకాయన వచ్చాడు. కారు దిగకుండా కిటికీ దగ్గరే కాఫీ అందుకుని వెళ్లిపోతారన్నమాట. సైట్ ప్లాన్ గీయడం మా వంతు. కొట్టు చూస్తే మన కిళ్లీ బడ్డీకి పెద్దన్నలా ఉంటుంది, పర్మిషన్ కాగితాలు మాత్రం బీరువాకి సరిపడా ఉన్నాయి.

గొడవంతా భూమిలో పాతిన ట్యాంకులతోనే. ఇనుప ట్యాంకులు తుప్పు పట్టి కారతాయి. 1998 డిసెంబర్ లోగా పాతవాటిని బాగుచేయాలి, మార్చాలి, లేదా మూసేయాలి అని ఇక్కడి ప్రభుత్వం గడువు పెడితే, ఖర్చు భరించలేక చిన్న బంకులు చాలా మూతపడ్డాయి. కారిన పెట్రోలు కిందికి దిగి, భూగర్భ జలం తగిలాక దాని మీద తేలుతుంది. అందులోని బెంజీన్ నీళ్లలో కరిగి పక్కవాళ్ల స్థలాల కిందికీ పోతుంది. అది కేన్సర్ తెచ్చే సరుకు. తాగేనీళ్లలో లీటరుకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని ఇక్కడి హద్దు. అంత కొంచెం ఉంటే ముక్కుకి తెలీదు. "నీళ్లు వాసన రావట్లేదు కదా" అని నువ్వు అంటావని ముందే చెబుతున్నాను.

అందుకే ముందు పాత ఫోటోలు, మ్యాపులు, రికార్డులు తిరగేసి ఆ స్థలంలో ఎవరు ఏ వ్యాపారం చేశారో రాస్తారు. అనుమానం వస్తే బోర్లు వేసి మట్టి, నీళ్లు ల్యాబుకి పంపుతారు. పాడైన మట్టిని తవ్వి లారీల్లో తీసుకుపోతారు. అంతా అయ్యాక "ఇక చెయ్యాల్సింది లేదు" అని ఉత్తరం వస్తుంది. ఈ రాష్ట్రంలో పెట్రోల్ ట్యాంకుల సంగతి చూసేది అగ్నిమాపక శాఖ కింది విభాగం, ఆ ఉత్తరం ఇచ్చేదీ వాళ్లే.

ఇదంతా నేల మీద ప్రేమ అనుకోకు. ఇక్కడ 1980లో ఒక చట్టం వచ్చింది. విషం పోసింది ఎవరైనా, శుభ్రం చేసే ఖర్చు ఇప్పటి యజమాని మెడకి చుట్టుకోవచ్చు. పెట్రోలుకి ఆ చట్టం వర్తించదు గానీ, బ్యాంకులు బెదిరిపోయి ఇలాంటి వ్యాపార స్థలాలకి ఆ పాత చరిత్ర రిపోర్టు లేనిదే మామూలుగా అప్పు ఇవ్వడం లేదు. మంచితనం కన్నా ఈ భయమే ఎక్కువ పని చేసిందని నా లెక్క.

ఇంకో సంగతి. ఇళ్లకి పనికిరాదన్న నేల కాఫీ కొట్టుకి పనికొస్తుంది. ఎవరూ అక్కడ పడుకోరు, బోరు వెయ్యరు, చుట్టూ తారు, కాంక్రీటు. మిగిలిపోయిన ఆవిరి గదిలోకి రాకుండా నేల కింద మందపాటి ప్లాస్టిక్ పొర వేస్తారు. ఇళ్లు కట్టకూడదు, నీళ్లు తోడకూడదు అని దస్తావేజుల్లోనే రాయిస్తారు. తర్వాత కొన్నవాళ్లు కూడా దానికి కట్టుబడాల్సిందే.

ప్రజాభిప్రాయ సేకరణ కూడా పెట్టారు. ఆ మాట వింటేనే మనకి 2010లో సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ల మీద జరిగిన కాల్పులు గుర్తొస్తాయి కదా. ఇక్కడ హాల్లో పట్టుమని పదిమంది లేరు. వచ్చినవాళ్లు కూడా బెంజీన్ ఊసెత్తలేదు. పొద్దున్నే కార్ల వరుస రోడ్డెక్కితే మా గతేంటని ఒకటే గోల! వాళ్లనీ తప్పు పట్టలేం. మినియాపొలిస్ నగరం 2019లో కొత్త డ్రైవ్ త్రూలే వద్దని నిషేధించింది. వరుస మా స్థలం దాటకుండా నేను దారిని రెండు మెలికలు తిప్పి గీశాక ఒప్పుకున్నారు.

మన దగ్గర కూడా 2025 జూలైలో కలుషిత స్థలాల మీద కేంద్రం నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న చోట్ల జాబితా జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి. కానీ నీ బేరం అంతవరకు ఆగదు. ఈసీ తీస్తే స్థలం మీద అప్పులు తెలుస్తాయి, కింద ఏముందో తెలీదు. మందుల ఫ్యాక్టరీలున్న పైడిభీమవరం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నీళ్ల గురించి ఏం చెబుతారో నీకు నేను చెప్పాలా? హోటల్ అంటే ఇడ్లీ పిండి దగ్గర్నుంచి గ్లాసులు కడగడం దాకా ఆ బోరు నీళ్లే.

కాబట్టి ట్యాంకులు తీసేశారా లేదా అని అమ్మేవాణ్ణి అడుగు. తీసేశామంటే కాగితం చూపించమను. బోరు నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించు, బెంజీన్ కూడా చూడమని విడిగా చెప్పాలి, మామూలు నీళ్ల పరీక్షలో అది చూడరు. ఆ ఖర్చు నేను పంపిస్తాను, మొహమాటపడకు.

తమ్ముణ్ణి ఒకసారి వెళ్లి ఫోటోలు తీసి పంపమను. గోడవారన పైకి నిలబెట్టిన సన్నటి ఇనప గొట్టాలు ఇంకా ఉన్నాయేమో చూడమను. అవి ట్యాంకులకి గాలి గొట్టాలు. అవి ఉంటే ట్యాంకులు కూడా కిందే ఉండి ఉంటాయి. అప్పటిదాకా బయానా ఇవ్వకు.

పిన్నికి నమస్కారాలు.

నీ కొడుకు లాంటివాడు,
బుజ్జి