నాయనమ్మ తరఫున మాట్లాడకు, అమ్మలూ

అమ్మలూ,

ఫోన్‌లో చెప్పే వీలు లేక రాస్తున్నాను. ఫోన్ మోగితే చాలు, నీదేనని మీ నాయనమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆమె ముందు ఆమె సంగతి ఏం మాట్లాడను?

ఆదివారం నువ్వు అన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. "ఈ వయసులో చుట్ట మానమని ఆవిడ్ని ఎందుకు కట్టడి చేస్తారు నాన్నా, ఉన్నన్నాళ్ళు తనకి నచ్చినట్టు ఉండనివ్వండి" అన్నావు. ప్రేమతోనే అన్నావని తెలుసు. కానీ మీ నాయనమ్మ మంచం పట్టి రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషి కాదమ్మా. కోలుకుంటున్న మనిషి. నా బెంగంతా అందుకే.

వినాయక చవితికి నువ్వు వచ్చినప్పుడు ఎలా ఉందో గుర్తుందా? 38 కిలోలు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి పక్క తడిసిపోయేంత చెమట, దగ్గితే కళ్ళెలో నెత్తురు జీర. టీబీ అని తేలగానే మన వీధిలో కొందరు ఇక ఆమె పని అయిపోయినట్టే మాట్లాడారు. ఇప్పుడు 42 కిలోలు. మొదటి రెండు నెలలూ నాలుగు మందులు కలిసిన మాత్రలు వేసుకుంది. కార్తీకంలో కళ్ళె పరీక్ష చేస్తే క్రిమి కనబడలేదు. ఇప్పుడు మూడు మందులవి, శివరాత్రి దాటేదాకా. మొదట్లో మూత్రం ఎర్రగా వస్తోందని హడలిపోయింది. అది మందు రంగేనని ఆశా అమ్మాయి కూర్చోబెట్టి చెప్పాక గానీ మర్నాడు మాత్ర ముట్టలేదు. ప్రభుత్వం నెలకు 1,000 రూపాయల లెక్కన ఆమె ఖాతాలో వేసే డబ్బు గుడ్లకీ పాలకీ వాడుతున్నాం. చోడి అంబలి మళ్ళీ అడిగి మరీ తాగుతోంది.

చిక్కు కూడా ఇక్కడే వచ్చిపడింది. ఒంట్లో బాగాలేనన్నాళ్ళు ఆమెకి పొగ వాసనే గిట్టలేదు. ఆకలి తిరిగొచ్చింది, దాని వెనకాలే చుట్ట కూడా వచ్చింది.

నువ్వు పుట్టినప్పటి నుంచి చూస్తున్నావు కాబట్టి నీకు వింతగా ఉండదు. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుంటారంటే బయటివాళ్ళు నమ్మనే నమ్మరు. మన శ్రీకాకుళం పల్లెల్లో నా చిన్నప్పుడు ఇలా అడ్డపొగ కాల్చని పెద్దామె కనబడటమే కష్టం. ఊడ్పుల్లో వాన పడుతున్నా ఆ చుట్ట ఆరదు. చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. ఒక్కటి వెలిగిస్తే చాలాసేపు వస్తుంది. పొద్దస్తమానం నడుం వంచి బురదలో నిలబడ్డ ఆడవాళ్ళకి అంతకన్నా ఓదార్పు ఎవరిచ్చారు? మా అమ్మ కూడా వాళ్ళమ్మ పక్కన నాట్లు వేస్తూనే నేర్చుకుంది. ఆ అలవాటు చేసుకున్నందుకు ఆమెని నేను ఒక్క మాట అనను, ఇంకెవరినీ అననివ్వను.

మొన్న తెల్లవారుజామున ఆవుకి గడ్డి వేద్దామని సాలలోకి వెళ్ళాను. అమ్మ అప్పటికే అక్కడ ఉంది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరైనా చూస్తే చలికి కప్పుకుందనుకుంటారు. "ఇంత పొద్దున్నే ఎందుకు లేచావమ్మా" అంటే ఊఁ అంటుందే గానీ పెదవి విప్పదు. కాసేపటికి ముక్కులోంచి సన్నగా పొగ వచ్చింది. వెంటనే దగ్గు తెర. రాట పట్టుకుని వంగిపోయింది. నేను వీపు నిమురుతుంటే, ఆ దగ్గులోనే, చుట్ట నేలమీద పడకుండా గుప్పిట్లో దాచుకుంది. ఆ గుప్పిట చూశాక నాకు కోపం రాలేదు తల్లీ, భయం వేసింది.

ఏమన్నా అంటే ఒకటే మాట. "ఓలమ్మ, పదేళ్ళ పిల్లప్పటి నుంచి కాలుస్తున్నాను. అప్పుడు రాని రోగం ఇప్పుడొచ్చీసిందేటి?" గట్టిగా చెబితే బేరానికి దిగుతుంది. మాత్రలైతే మింగుతుందట, చుట్ట మాట మాత్రం ఎత్తకూడదట. ఆ బేరానికి ఒప్పుకోవాలనిపించిన రోజులున్నాయి, ఎందుకంటే మాత్రలు మధ్యలో మానేస్తే మామూలు మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది. కానీ పీహెచ్‌సీ డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. పొగ తాగేవాళ్ళకి జబ్బు నయమైనాక కూడా తిరగబెట్టే అవకాశం ఎక్కువట. ఇన్ని నెలలు మింగిన మందు పొగపాలు కావడం నాకు ఇష్టం లేదు.

ఇంకో సంగతి నీకు ఇంతవరకు చెప్పలేదు. డాక్టరమ్మ టార్చి వేసి నోరు చూసింది. అంగిలి తెల్లబారి గరుకెక్కింది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలున్నాయి. నిప్పు లోపల పెట్టుకుని కాల్చేవాళ్ళకి వచ్చేదే ఇది. 1971లోనే మన ఆంధ్ర పల్లెల్లో పదివేల మందికి పైగా నోళ్ళు పరీక్షించి వైద్యులు దీని గురించి రాశారట. అంగిలికి క్యాన్సర్ రావడం మిగతా చోట్ల అరుదు, అడ్డపొగ ఉన్న మనవైపు అంత అరుదు కాదు. అమ్మకి అది ఉందని ఎవరూ అనలేదు, నువ్వు కంగారు పడకు. పండగ వెళ్ళాక శ్రీకాకుళంలో పళ్ళ డాక్టరుకి చూపిస్తాం. చుట్ట మానేస్తే ఈ మచ్చలు తగ్గుముఖం పట్టే అవకాశం ఉందని కూడా డాక్టరమ్మ అంది. నేను గట్టిగా పట్టుకున్నది ఆ మాటనే.

మానడం ఆమెకి తేలిక కాదు. పొగాకు పడకపోతే రాత్రి కంటికి కునుకు ఉండదు, అన్నం పళ్ళెం పక్కకి నెట్టేస్తుంది, మీ అమ్మ మీద కసురుకుంటుంది. మీ అమ్మ పాపం కిక్కురుమనకుండా మళ్ళీ వేడి అన్నం పెడుతుంది. ఒక్కసారిగా ఆపేస్తే తిండి కూడా మానేస్తుందేమోనని తనకి టెన్షన్. అందుకని లాక్కోవడం లేదు, తగ్గిస్తున్నాం. ఇప్పుడు రోజుకి రెండింటికి వచ్చింది. నోట్లో వేసుకోవడానికి సోంపు, లవంగం బొడ్లో దోపుకోమని ఇస్తున్నాను. పొగాకు అమ్మే కొట్టతనికి కూడా చెప్పి ఉంచాను.

నీతో ఉన్న పని ఇదీ. ఆమె నీ దగ్గర నా మీద ఫిర్యాదు చేస్తే విను, ఎంతసేపైనా విను, కానీ వత్తాసు పలకకు. "గుంట కూడా ఒప్పుకుంది" అని మర్నాడు నాతో వాదిస్తోంది. నువ్వు పంపిన డబ్బు ఆమె చేతికి ఇవ్వమని చెప్పకు, మీ అమ్మకి పంపు. రాత్రి భోజనం అయ్యాక ఆమె ప్రాణం చుట్ట కోసం లాగుతుంది. ఎనిమిదింటికి నీకు ఖాళీ ఉంటే ఆ టైముకి ఫోన్ చెయ్యి. జబ్బు మాటలొద్దు. నీ ఆఫీసు కబుర్లు, రూములో వండుకున్న కూర, ఏదైనా సరే. నీతో మాట్లాడిన రాత్రి ఆమె పెరట్లోకి వెళ్ళకుండా పడుకుంటోంది, మీ అమ్మా నేనూ ఇద్దరం గమనించాం.

సంక్రాంతికి వచ్చినప్పుడు నోరు తెరిచి చూపించమని నువ్వే అడుగు. నాకు చూపించదు, కొడుకునని సిగ్గు. అంగిలిని నీ ఫోన్‌లో ఫోటో తీసి ఆమెకే చూపించు. తన నోరు లోపల ఎలా ఉందో ఆమె ఇంతవరకు చూసుకోలేదు.

పొగ వెచ్చదనం లేక ఒళ్ళు వణుకుతోందని సణుగుతోంది. వచ్చేటప్పుడు చెవులు కూడా కప్పే మంచి ఉన్ని శాలువా ఒకటి తీసుకురా. రిజర్వేషన్ దొరక్కపోతే ముందే చెప్పు, ఆమదాలవలసకి కాకుండా విశాఖకైనా వచ్చి తీసుకెళ్తాను.

మీ నాన్న