టోర్ వాడేవారి గుట్టు డీఎన్‌ఎస్‌లో రట్టవుతోంది

సంపాదకుల వారికి,

ఇంటర్నెట్‌లో ఎవరు ఏం చూస్తున్నారో తెలియకుండా దాచే టోర్ నెట్‌వర్క్ పేరెత్తగానే మనవాళ్లకు మత్తుమందుల బేరాలే గుర్తొస్తాయి. కానీ వార్తలపై ఆంక్షలున్న దేశాల పాఠకుల కోసం బీబీసీ 2019లో తన వార్తల సైటును అక్కడ కూడా పెట్టింది. ఆఫీసులో జరిగే అవినీతిని పత్రికలకు చేరవేయాలనుకునే ఉద్యోగికీ అదే దారి. ఇలాంటివాళ్ల గుట్టు ఎలా బయటపడుతోందో చెప్పాలనే ఈ లేఖ.

ఆ సైట్ల చిరునామాలు ‘.ఆనియన్’తో ముగుస్తాయి. వాటిని టోర్ బ్రౌజర్‌లోనో, టోర్ సదుపాయమున్న మరో బ్రౌజర్‌లోనో తెరవాలి. ఎవరో పంపిన అలాంటి లింకును మామూలు బ్రౌజర్‌లో నొక్కితే సైట్ దొరకలేదని వస్తుంది. మనం వదిలేస్తాం. ఈలోపే ఫోన్ ఆ పేరు ఎక్కడుందని ఇంటర్నెట్ కంపెనీ డీఎన్‌ఎస్ సర్వర్‌ను, అంటే సైటు పేరు చెబితే అదెక్కడుందో వెతికిపెట్టే కంప్యూటర్‌ను, అడిగేసి ఉండొచ్చు. ఎవరి కనెక్షన్, ఎన్ని గంటలకు, ఏ సైటు అన్నీ అక్కడ తెలిసిపోతాయి. ఆ సర్వర్‌కూ తెలియకపోతే ప్రశ్న ఈ వ్యవస్థలో అన్నిటికంటే పైనుండే రూట్ సర్వర్ల దాకా పోతుంది. ఫైర్‌ఫాక్స్ ఇలాంటి పేర్లను బయటకు పోనివ్వదు. అన్ని యాప్‌లూ అంత జాగ్రత్తగా ఉండవు.

వాడేవాళ్ల పొరపాటే అని కొట్టిపారేయలేం. 2021 ఫిబ్రవరిలో బ్రేవ్ బ్రౌజర్‌లో టోర్ ద్వారా నడిచే ప్రత్యేక విండోలో తెరిచిన ఆనియన్ పేర్లు కూడా మామూలు డీఎన్‌ఎస్‌కు వెళ్లిపోతున్నాయని తేలింది. ప్రకటనలను అడ్డుకోవడానికి చేర్చిన సదుపాయమే కారణం. కంపెనీ సరిచేసింది కానీ, అప్పటికే వెళ్లిన పేర్లను వెనక్కి తేలేరు కదా! గోప్యత కోసమని ఏరికోరి ఆ విండో తెరిచినవాళ్లకు జరిగిన అన్యాయం ఇది.

దీనికి మందు ఎప్పుడో రాసిపెట్టారు. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ 2015లో ఆర్ఎఫ్‌సీ 7686 అనే ప్రమాణ పత్రం వెలువరించింది. దాని ప్రకారం, ఆనియన్ పేరు అడిగితే టోర్‌తో సంబంధం లేని డీఎన్‌ఎస్ సర్వర్లు పైకి పంపకుండా, ‘అలాంటి పేరు లేదు’ అని అక్కడికక్కడే జవాబివ్వాలి. సర్వర్ సెట్టింగుల్లో చిన్న మార్పు చాలు, పెద్ద ఖర్చేమీ లేదు.

మన దేశంలో ఇది మరీ అవసరం. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీసు సంస్థలు తమ లాగ్‌లను, అంటే కంప్యూటర్లలో నమోదయ్యే వాడకం వివరాలను, 180 రోజులు భద్రపరచాలి. పొరపాటున జారిపోయిన పేరు కూడా అందులో చేరితే, ఆర్నెల్ల పాటు ఒక నిజాయితీపరుడి మెడ మీద కత్తి వేలాడుతున్నట్టే. అందుకే రెండు కోరికలు: ఇంటర్నెట్ కంపెనీలు ఈ ప్రమాణాన్ని పాటించేలా టెలికాం శాఖ ఆదేశించాలి. ఆనియన్ పేర్లను లాగ్‌లలో రాయనక్కర్లేదని సర్ట్-ఇన్ స్పష్టంగా చెప్పాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ