సంగీతం టీచర్ల అలసటను పట్టించుకోండి

సంపాదకులకు,

బడిలో సంగీతం చెప్పేవాళ్ల అలసట గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే రాస్తున్నాను. వరుసగా పీరియడ్లు, ప్రతి క్లాసులో గొంతెత్తి పాడటం, పిల్లల హోరు, మధ్యలో ఎవరో అతిథి వస్తున్నారని అప్పటికప్పుడు స్వాగత గీతం సిద్ధం చేయమనడం, తీరా పరీక్షలు దగ్గరపడగానే మా పీరియడ్ కాస్తా లెక్కల క్లాసుకు పోతుంది. ఇంటికొచ్చాక పాట వినబుద్ధి కాదు. సంగీతం మీద ప్రేమతో ఈ పనిలోకి వచ్చినవాళ్లకు ఇంతకంటే బాధ ఏముంటుంది?

ఇది బద్ధకం కాదండీ. ఉద్యోగంలో ఎడతెగని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా బర్న్‌అవుట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే గుర్తించింది. ఓపిక ఉడిగిపోవడం, పని మీద విరక్తి, ఏదీ సరిగా చేయలేకపోతున్నామన్న భావన దాని లక్షణాలు.

నేను క్లాసులో మైక్ వాడుతున్నాను, పెద్ద పిల్లలతో చిన్నవాళ్లకు పాడిస్తున్నాను, ఎవరికీ నేర్పకుండా నాకోసమే కాసేపు సాధన చేసుకుంటున్నాను, దీనివల్ల నిజంగా తేడా కనిపించింది. కానీ పీరియడ్ల మధ్య గొంతుకు విరామం దొరకడం టైంటేబుల్ వేసేవాళ్ల చేతిలో ఉంది. కార్యక్రమాల తేదీలు ఏడాది మొదట్లోనే చెప్పండి, మా పీరియడ్ వేరే సబ్జెక్టుకు ఇచ్చేముందు మమ్మల్ని ఒక్క మాట అడగండి.

– ఒక సంగీతం టీచర్