శీనూ, శనివారం రాత్రి ఒకటి చూశాన్రా

కాలిండేల్, లండన్
సోమవారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

సంక్రాంతికి రాస్తానన్న ఉత్తరం ఇది. ఉగాది కూడా వెళ్ళిపోయింది. తిట్టుకో, ఎంత తిట్టినా న్యాయమే. నీ ఉత్తరం మూడు నెలలుగా వంటింట్లో పంచదార డబ్బా కింద ఉంది. రోజూ పొద్దున టీ పెట్టుకుంటూ దాన్ని చూస్తున్నాను, సాయంత్రం రాద్దాంలే అనుకుంటున్నాను. ఇవాళ సెలవు పెట్టి మరీ కూర్చున్నాను, నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేని సంగతి ఒకటి ఉంది కాబట్టి.

ముందు ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అందరం బాగున్నాం. పెద్దది యూనివర్సిటీలో చేరింది. చిన్నాడికి పళ్ళకి క్లిప్పు వేశారు. నా ఉద్యోగం ఎలా ఉండేదో అలాగే ఉంది. అమ్మ మోకాలి ఆపరేషన్ సంగతి తమ్ముడు నీకు చెప్పే ఉంటాడు. ఇక్కడ చలి ఇంకా తగ్గలేదు. అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. మీ అరుగు మీద మర్ఫీ రేడియో, ఆకాశవాణి విజయవాడ కేంద్రం, సంక్షిప్త శబ్ద చిత్రం. గుర్తుందా? సినిమా మొత్తాన్ని గంటలోకి కుదించి వినిపించేవాళ్ళు. బొమ్మ ఉండదు, మాటలూ పాటలే. కత్తియుద్ధం వచ్చిందంటే ఖంగు ఖంగుమని చప్పుడు, ఎవరు ఎవరిని పొడిచారో మనమే తేల్చుకోవాలి. నువ్వు ఒకలాగా, నేను ఒకలాగా తేల్చుకుని కొట్టుకునేవాళ్ళం. చివరికి తీర్పు మీ నాన్నమ్మదే, 'ఇద్దరూ పోయార్రా, ఇక లేచి అన్నాలకి రండి' అని.

సరిగ్గా అలాంటిదే ఈ చలికాలమంతా ఇక్కడ ట్యూబ్ రైల్లో, అదే భూమి కింద నడిచే రైల్లో, విన్నాను. డాక్టర్ హూ అని బీబీసీ వాళ్ళ సీరియల్. 1963లో మొదలైంది. మొట్టమొదటి కథకి దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్ అని తెలిసినప్పుడు ఎంత సంతోషమేసిందో. పోలీసు ఫోన్ డబ్బాలాంటి నీలం పెట్టెలో కాలంలోనూ ఆకాశంలోనూ తిరిగే ఒక పెద్దమనిషి కథ. ఆయన పేరు ఎవరికీ తెలియదు, అందరూ 'డాక్టర్' అంటారు. పెట్టె పేరు టార్డిస్. బయటికి చిన్నది, లోపల మహా పెద్దది. మీ మామయ్య గారి ట్రంకు పెట్టె అనుకో, నీకు వెంటనే అర్థమవుతుంది.

మొదట ఆ వేషం వేసిన విలియం హార్ట్‌నెల్‌కి ఆరోగ్యం దెబ్బతింది. 1966లో ఆయన తప్పుకోవాల్సి వచ్చింది. సీరియల్ ఆపడానికి మనసు రాదు. అప్పుడు వాళ్ళు ఏం చేశారంటే, డాక్టర్ కింద పడిపోతాడు, మొహం మారిపోతుంది, లేచేసరికి వేరే మనిషి! మనిషి వేరు, కానీ డాక్టర్ ఆయనే. ఆ వేరే మనిషి పేరు ప్యాట్రిక్ ట్రౌటన్. నేను చెప్పాలనుకున్నది ఈయన గురించేరా.

ఆ రోజుల్లో అది ఎంత తెగింపో ఆలోచించు. నిన్నటిదాకా తెల్లజుట్టు, గద్దింపు, తాతగారి దర్పం. ఇవాళ వదులు కోటు, గళ్ళ ప్యాంటు, నల్లటి గిన్నె క్రాపు, చేతిలో పిల్లనగ్రోవిలాంటి రికార్డర్. ఆయన ముందున్న వాడిని ఎక్కడా అనుకరించలేదు. అదే నాకు గొప్పగా తోచింది. పాత డాక్టర్‌లా కాస్త గద్దించి ఉంటే జనం సులువుగా ఒప్పుకునేవారు కదా. ఆయన ఆ సులువు దారిలో వెళ్ళలేదు. మొదటి కథ 'ది పవర్ ఆఫ్ ది డాలెక్స్'లో తోటివాళ్ళకే నమ్మకం కుదరదు, ఈయన నిజంగా డాక్టరేనా అని. చివరికి గుర్తుపట్టింది ఎవరో తెలుసా? డాలెక్. ఆగర్భ శత్రువు. ఇనప డబ్బాలాంటి ఆ జీవి మెల్లగా ఆయన వైపు తిరుగుతుంది. మిత్రులు పట్టలేనిది శత్రువు పట్టింది.

మా పై ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉంటారు. అప్పుడు ఏడేళ్ళ పిల్లట. శనివారం సాయంత్రం టీవీలో తాతగారు మాయమైపోతే ఆ రాత్రి అన్నం మానేసి ఏడ్చారట. 'మరి కొత్తాయన?' అని అడిగాను. 'మూడు వారాలు ఆయన్ని క్షమించలేదు. ఆ తరవాత ఆయన్ని ఒక్క మాట అననివ్వలేదు' అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది.

ఆవిడ చూసిన ఆ కొత్తాయన మొదటి కథ ఆరు ఎపిసోడ్లలో ఇప్పుడు ఒక్కటి కూడా లేదు శీనూ.

ఇది తెలిసిన రోజు నాకు పని మీద మనసు నిలవలేదు. అప్పట్లో రెండంగుళాల వీడియో టేపు చాలా ఖరీదు. ప్రసారం అయిపోయాక తుడిచేసి దాని మీదే ఇంకోటి రికార్డు చేసేవాళ్ళు. నటుల సంఘంతో ఒప్పందాల వల్ల మళ్ళీ మళ్ళీ వేయడానికీ వీల్లేదు, దాచి ఏం చేసుకుంటాం అనుకున్నారు. విదేశాలకి అమ్మడానికి 16 ఎంఎం ఫిల్ములు తీశారు, హక్కుల గడువు తీరాక వాటినీ పారేశారు. 1978 దాకా ఇదే తంతు. ట్రౌటన్ చేసినవి 119 ఎపిసోడ్లు, వాటిలో యాభైకి పైగా బొమ్మ లేదు. ఏ డాక్టర్‌కీ ఇంత నష్టం జరగలేదు. మన తొలి టాకీకే ప్రింటు మిగల్లేదు, వాళ్ళని ఏమంటాం చెప్పు.

కానీ శబ్దం మిగిలిందిరా! అన్నిటికీ మిగిలింది! ఇళ్ళలో కుర్రాళ్ళు టీవీ ముందు టేపు రికార్డర్ పెట్టుకుని రికార్డు చేసుకున్నారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ డబ్బులివ్వలేదు. మన చంటిగాడు క్రికెట్ కామెంటరీ రికార్డు చేసేవాడు చూడు, అలాగే. తరవాత బీబీసీనే వాటిని శుభ్రం చేయించి, మధ్యలో వ్యాఖ్యానం చేర్చి అమ్మింది. డాక్టర్ పక్కన జేమీగా వేసిన ఫ్రేజర్ హైన్స్ కొన్నిటికి గొంతు ఇచ్చాడు. నేను విన్నవి అవే. నార్తర్న్ లైన్‌లో కళ్ళు మూసుకుని వింటే మీ అరుగే. 'ది వెబ్ ఆఫ్ ఫియర్' అనే కథలో లండన్ ట్యూబ్ సొరంగాల్లో యెతీలు, అంటే మంచుమనుషులు, తిరుగుతాయి. సైన్యం గూజ్ స్ట్రీట్‌లో మకాం వేస్తుంది. నేను రోజూ దాటే స్టేషనే! ఒక సాయంత్రం అది వింటూ ఉండగా రైలు గూజ్ స్ట్రీట్‌లో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. నిజంగానే ప్లాట్‌ఫామ్ మీదకి తొంగి చూశాను.

సరే, దారి తప్పాను. శనివారం.

'ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్' అని ఒక కథ. 1967 డిసెంబర్ చివర్లో మొదలై 1968 జనవరిలో ముగిసింది, ఆరు వారాలు. అందులో ట్రౌటన్‌ది ద్విపాత్రాభినయం! ఒకడు మన డాక్టర్, ఇంకొకడు సాలమాండర్, ప్రపంచాన్నంతా గుప్పిట్లో పెట్టుకోవాలనుకునే మెక్సికన్. కథ జరిగేది 2018లో, అప్పటికి అది యాభై ఏళ్ళ తరవాతి మాట. వీడు సూర్యరశ్మిని పోగుచేసి పంటలు పండిస్తాడు, జనం దణ్ణాలు పెడతారు. ఇంకోవైపు భూమి అడుగున కొంతమందిని దాచి, పైన యుద్ధం జరుగుతోందని ఏళ్ళ తరబడి అబద్ధం చెప్పి, వాళ్ళ చేతే భూకంపాలు పుట్టిస్తుంటాడు. ఎంత దుర్మార్గమో చూడు. వాళ్ళకి తిండి తెచ్చిపెట్టేదీ వీడే, దేవుడిలా.

చాలా ఏళ్ళు ఇందులో మూడో ఎపిసోడ్ ఒక్కటే మిగిలింది. అది వంటగదిలోనూ నడవల్లోనూ జరిగేది. అది చూసి అందరూ ఇదేదో చప్పని కథ అని తేల్చేశారు. 2013 అక్టోబర్‌లో ప్రకటించారు, ఫిలిప్ మోరిస్ అనే ఆయన నైజీరియాలోని జోస్ ఊళ్ళో, ఒక టీవీ రిలే స్టేషన్‌లో తొమ్మిది ఎపిసోడ్ల రీళ్ళు పట్టుకొచ్చాడని. ఇందులో మిగతా అయిదూ అక్కడే ఉన్నాయి, 'వెబ్ ఆఫ్ ఫియర్'వి నాలుగు. అరగంట కూడా లేని ఎపిసోడ్లు, ఎక్కడో ఆఫ్రికాలో, అన్నేళ్ళు, ఆ ఎండల్లో. అంతకుముందు ఇంకో కథ ఇలాగే హాంకాంగ్‌లో దొరికింది. ప్రపంచం ఇంత పెద్దదైనందుకు మొదటిసారి సంతోషించాను.

నేను ముందు ఈ కథ కూడా చెవులతోనే విన్నాను. కావాలనే. ఆ పై ఫ్లాట్ ఆవిడే చెప్పారు, ముందు విను, తరవాత చూడు, అప్పుడు ఏం పోగొట్టుకున్నామో తెలుస్తుంది అని. విన్నాను. బాగుంది, గొంతు మార్చడం అద్భుతం అనుకున్నాను. ఆఖరి ఘట్టం మాత్రం నాకు ఆనలేదు. సాలమాండర్ టార్డిస్‌లోకి వస్తాడు, కాసేపు చప్పుడు లేదు, తరవాత గొడవ, అయిపోయింది. ఇంతేనా అనిపించింది.

శనివారం రాత్రి ఆవిడ ఇంట్లోనే చూశాం. మొదటి ఎపిసోడ్‌లో సముద్రం ఒడ్డు, హెలికాప్టర్, హోవర్‌క్రాఫ్ట్. సముద్రం చూడగానే డాక్టర్ చిన్నపిల్లాడిలా నీళ్ళలోకి పరుగెత్తుతాడు, నేను నవ్వి నవ్వి... అది తరవాత. ఆ ఎపిసోడ్ చివర్లో తలుపు తెరుచుకుని భద్రతాధికారి వస్తాడు. డాక్టర్ అప్పటికప్పుడు సాలమాండర్ అయిపోవాలి. తిరుగుతాడు చూడు! మేకప్ మార్చలేదు, వెలుగు మార్చలేదు. భుజాలు మారాయి. మెడ నిటారు అయింది. అంతే, ఎదురుగా ఉన్నది వేరే మనిషి.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావురా. తొమ్మిదో తరగతి వార్షికోత్సవం, అర్జునుడు వేయాల్సిన వాడికి ఆటలమ్మ పోసి, పడకసీనులో దుర్యోధనుడూ అర్జునుడూ నువ్వే అయిన రోజు. కిరీటం మార్చావు, మీసం మర్చిపోయావు. ఊరంతా 'మీసం! మీసం!' అని గుర్తుంచుకుంది. నాకు గుర్తున్నది మాత్రం వేరు. దుర్యోధనుడివి మడమ కొట్టే అడుగులు, అర్జునుడివి మునివేళ్ళ అడుగులు. అది నీకెవరూ నేర్పలేదు. ఇది నేను నీకు ముప్పై అయిదేళ్ళుగా చెప్పలేదు, శనివారం ఆ భుజాలు చూసేదాకా నాకూ మాటలు దొరకలేదు.

ఆఖరి ఎపిసోడ్. డాక్టర్ వేషంలో సాలమాండర్ టార్డిస్‌లోకి వస్తాడు. డాక్టర్‌తో తిరిగే జేమీ, విక్టోరియా వాణ్ణి డాక్టరే అనుకుంటారు. వాడు మాట్లాడడు! మాట్లాడితే గొంతు పట్టిస్తుంది కదా. అలసిపోయినట్టు నటిస్తూ, మీటలు నువ్వే తిప్పు అని జేమీకి సైగ చేస్తాడు. జేమీ ఆగిపోతాడు, వీటిని ముట్టుకోవద్దని మీరే చెప్పారుగా అంటాడు. అప్పుడు గుమ్మంలోంచి అసలు డాక్టర్ గొంతు, బాగా చెప్పావు జేమీ అన్నట్టుగా. శీనూ, డాక్టర్ సాలమాండర్‌లా నటించడం ఒక ఎత్తు. సాలమాండర్ డాక్టర్‌లా నటించడం ఇంకో ఎత్తు. అది సరిగ్గా కుదరకూడదు, జేమీని మోసం చేసేంత కుదరాలి, మనకి మాత్రం తెలిసిపోవాలి. ఆ మొహం మీద డాక్టర్ మెత్తదనం అరువు తెచ్చుకున్న చొక్కాలా ఉంటుంది. ఒక్క మాట లేదు. చెవులకి అందింది కాసేపు నిశ్శబ్దం, అంతే. నాకు చప్పగా అనిపించిన చోటే ఆయన ప్రతిభంతా ఉంది!

అప్పుడు తట్టింది. ఈయన మాటల నటుడు కాదు. మాటకీ మాటకీ మధ్య చూపులో, చేతులు నలుపుకోవడంలో, భయపడినట్టు నటిస్తూ లోపల లెక్క వేసుకోవడంలో ఉంటాడు. మిగిలింది శబ్దం. పోయింది సరిగ్గా అదే. యాభై చిల్లర ఎపిసోడ్లలో మనం నిశ్శబ్దం అనుకుంటున్న ప్రతి చోటా ఆయన ఏదో చేస్తూనే ఉన్నాడు. ఏం చేశాడో... ఆవిడ టీవీ కట్టేశారు. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఆయన పుట్టింది మాకు పక్కనే, మిల్ హిల్‌లో, 1920లో. నిన్న నడుచుకుంటూ వెళ్ళి ఊరికే తిరిగి వచ్చాను. యుద్ధంలో నేవీలో గన్‌బోట్లు నడిపాడట. నార్త్ సీ చలికి టీ కెటిల్ మీద కప్పే ఉన్ని టోపీ నెత్తిన పెట్టుకునేవాడట. మనిషి మహా మొహమాటస్తుడు, ఇంటర్వ్యూలంటే తప్పుకునేవాడు. ఏడాదికి నలభై ఎపిసోడ్లు, వారం వారం. సెలవు కావాలంటే ఒక ఎపిసోడ్‌లో కనిపించకుండా పోవాల్సిందే. మూడేళ్ళు చేసి 1969లో మానేశాడు. తరవాత ఆ వేషానికి వచ్చిన పీటర్ డేవిసన్‌కి కూడా అదే చెప్పాడు, మూడేళ్ళు దాటి ఉండొద్దని. 1987 మార్చిలో, అరవై ఏడో పుట్టినరోజు అయిన మూడో నాడు, అమెరికాలో, అభిమానుల సభకి వెళ్ళిన చోటే గుండె ఆగి పోయాడు. ఇంటర్వ్యూలకి తప్పుకున్న మనిషి, అభిమానుల మధ్యే.

నీ అర్జునుడికి ఆటలమ్మలాగే ఇక్కడా జరిగింది తెలుసా! 'ది మైండ్ రాబర్'లో జేమీ వేసేవాడికి ఆటలమ్మ పోస్తే, వేరే నటుణ్ణి పెట్టి, డాక్టర్ జేమీ మొహం ముక్కల్ని తప్పుగా అతికించాడని కథలోనే కలిపేశారు. మన మేష్టారికి ఆ ఉపాయం తడితే నీ మీసం...

అయ్యో, ఐదు దాటింది. కింద ఎర్ర డబ్బా ఐదున్నరకి తీస్తారు, ఇవాళ వేయకపోతే ఇదీ పంచదార డబ్బా కిందికే పోతుంది. విక్టోరియా తండ్రిని పోగొట్టుకుని కూర్చుంటే డాక్టర్ పక్కన కూర్చుని తనవాళ్ళ గురించి చెప్పే చోటు ఒకటుంది, అది చూసి మీ నాన్నగారు పోయినప్పుడు నేను నీ పక్కన లేనందుకు... అది రాయాలనే అసలు కూర్చున్నాను. వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఒట్టు. అమ్మకి నా నమస్కారాలు చెప్పు. స్టాంపు ఎక్కడ పెట్టానో

నీ
మురళి