ఫాల్కన్ రాడార్ విమానాలు మూడే, ఎవరికిద్దాం?

సంపాదకుల వారికి,

తూర్పు కమాండ్ అనగానే మనకు విశాఖ గుర్తొస్తుంది. అది నేవీది. ఆర్మీ తూర్పు కమాండ్ కోల్‌కతాలో ఉంటుంది, వాయుసేనది షిల్లాంగ్‌లో. పేరొకటే, ఊళ్లు మూడు! మూడు దళాలకూ కలిపి ఇలాంటి విడి కమాండ్లు 17, ఏ రెండూ ఒకే ఊళ్లో లేవు. చైనా 2016లోనే ఐదు ఉమ్మడి కమాండ్లకు మారి, మనవైపు సరిహద్దు మొత్తాన్నీ ఒక్క పశ్చిమ కమాండ్‌కు అప్పగించింది. కాబట్టి ఒక ప్రాంతంలోని మూడు దళాలనూ ఒకే అధికారి కింద పెట్టే థియేటర్ కమాండ్లు మనకూ రావాల్సిందే. కానీ చర్చంతా ఏ ఊరికి దక్కుతుంది, ఏ దళం అధికారికి పగ్గాలు అన్నచోటే ఆగిపోతోంది.

అసలు చిక్కు లెక్కల్లో ఉంది. వాయుసేనకు మంజూరైనవి 42 ఫైటర్ స్క్వాడ్రన్లు (యుద్ధ విమానాల జట్లు), చేతిలో ఉన్నవి 30కి అటూ ఇటూ. గాల్లో ఇంధనం నింపే ఐఎల్-78 ట్యాంకర్లు 6. శత్రు విమానాలను గాల్లోంచే దూరాన పసిగట్టే ఫాల్కన్ రాడార్ విమానాలు 3. ప్రతిపాదనలో ఉన్న మూడు థియేటర్లకూ ఫాల్కన్లు తలా ఒకటి పంచామనుకోండి. ఒక్కదానితో రోజంతా నిఘా కుదరదు. సిబ్బంది అలసిపోతారు, విమానాన్ని తనిఖీకి దించక తప్పదు. అది హ్యాంగర్‌లో ఉన్న రోజు ఆ థియేటర్‌కు కళ్లు లేనట్టే. పక్క కమాండర్ తన దాన్ని ఊరికే ఇస్తాడా? వీటిని ఢిల్లీ చేతిలోనే ఉంచి, గంటల లెక్కన కేటాయించాలి. ఫైటర్లు మాత్రం కొన్నయినా థియేటర్‌కే ఇచ్చేయాలి. లేకుంటే ఆర్మీతో కలిసి సాధన చేసేదెవరు?

రెండో చిక్కు, కాల్చే అనుమతి. 2019 ఫిబ్రవరి 27న బడ్‌గామ్‌లో మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది. అందులోని ఆరుగురు, నేల మీద ఒక పౌరుడు పోయారు. పెద్ద తప్పేనని వాయుసేనాధిపతే ఒప్పుకున్నారు. ఆ క్షిపణీ హెలికాప్టరూ రెండూ ఒకే దళానివి. ఇక ఆర్మీ ఫిరంగి గుండ్లు, మన డ్రోన్లు, శత్రువు డ్రోన్ల గుంపులు అదే ఆకాశంలో కలిస్తే? గగనతల రక్షణను నడిపే ఆర్మీ వ్యవస్థ ఆకాశ్‌తీర్‌ను వాయుసేన వ్యవస్థ ఐఏసీసీఎస్‌తో కలపడం 2025 మేలో పాకిస్థాన్‌తో ఘర్షణలో అక్కరకొచ్చింది. అయితే తెర మీద బొమ్మ ఒకటైతే సరిపోదు. ఏ ఎత్తు వరకు ఎవరి అధికారం, మన విమానాలు ఏ దారిన తిరిగొస్తాయి, ఏ వేళ కాల్పులు నిషేధం అన్నవి ముందే రాసుకోవాలి.

సికింద్రాబాద్ సైనిక్‌పురిలోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌లో మూడు దళాల అధికారులూ కలిసే చదువుతారు. వారి ముందు పెట్టాల్సిన లెక్క ఇది: రెండు సరిహద్దుల్లో ఒకేసారి దాడి, ఫాల్కన్లలో ఒకటి మరమ్మతులో. మిగిలిన రెండూ ఎవరికి, ఎన్ని గంటలు?

– ఒక పాఠకుడు, విశాఖపట్నం